షావుకారుకొక ధర్మం, బాకీదారుకొక ధర్మం

బీదదేశాల అప్పుల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మన అర్థశాస్త్ర పండితులు కొందరు ఒకే సామెత వల్లిస్తారు: అప్పుచేసి పప్పుకూడు తిన్నారు, అనుభవించక తప్పదని. పప్పుకూడు తిన్నదెవరో విచారించకుండా చెప్పే ఈ నీతి షావుకారు నీతి అని నా వాదం.

మెక్సికోనే తీసుకోండి. 1973 తర్వాత చమురు దేశాల డాలర్లు పాశ్చాత్య బ్యాంకుల్లో గుట్టలుపడ్డాయి. ఆ డబ్బు తిప్పడానికి బ్యాంకులే లాటిన్ అమెరికా ప్రభుత్వాల గుమ్మాలెక్కి అప్పులిచ్చాయి. వడ్డీ స్థిరం కాదు. మార్కెట్ రేటుతోపాటు పెరిగేది. అమెరికా తన ద్రవ్యోల్బణాన్ని అణచడానికి 1981లో స్వల్పకాలిక వడ్డీని 20 శాతం దరిదాపులకు లేపింది. ఆ నిర్ణయంలో మెక్సికో రైతుకు ఓటు లేదు. భారం మాత్రం అతనిదే. వచ్చిన డాలర్లలో గణనీయ భాగం స్వదేశపు ధనికుల చేతులమీదుగా మళ్ళీ విదేశీ బ్యాంకులకే చేరింది. 1982 ఆగస్టులో ఆ దేశం చేతులెత్తేసింది.

అప్పటికి అమెరికాలోని తొమ్మిది పెద్ద బ్యాంకులు లాటిన్ అమెరికాకు తమ మూలధనాన్ని మించి అప్పులిచ్చి ఉన్నాయి. నష్టాన్ని నిజాయితీగా లెక్కకడితే వాటిలో పలు బ్యాంకులు దివాలా తీసినట్లే. మరి నియంత్రణాధికారులేం చేశారు? కళ్ళు మూసుకొన్నారు. రానిబాకీలకు వెంటనే నిధి కేటాయించమని నిర్బంధించలేదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ బ్యాంకులచేత మరో 500 కోట్ల డాలర్లు ఇప్పించింది. కొత్త అప్పుతో పాత వడ్డీ కట్టించుకొని, ఖాతాలో లాభం రాసుకొన్నారు!

మెక్సికోకు మాత్రం సబ్సిడీల కోత, పెసో విలువ తగ్గింపు, జీతాల బిగింపు. ఆ దశాబ్దంలో కనీస వేతనపు నిజవిలువ దాదాపు సగం హరించిపోయింది. బాకీలో కొంత వదులుకోక తప్పదని బ్రేడీ పథకం ద్వారా ఒప్పుకొన్నది 1989లో. అనగా బ్యాంకులు నిలదొక్కుకొన్న తర్వాత.

బ్యాంకు కూలితే డిపాజిటరు మునుగుతాడు గదా అంటారు. నిజమే. కాని డిపాజిటరును కాపాడడం వేరు, వాటాదారు లాభాన్ని కాపాడడం వేరు. బ్యాంకుకు ఏడేళ్ళ గడువిచ్చిన విజ్ఞత కూలివాని రొట్టెకు ఏడు నెలలైనా ఇవ్వలేదేం?

ఇది దూరదేశపు కథ అనుకోకండి. ప్రపంచ బ్యాంకు అప్పుతో సాగిన విద్యుత్ సంస్కరణల్లో పెరిగిన చార్జీలను ప్రతిఘటించినవారిపై 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో తుపాకులు పేలాయి.

తెలిసి అప్పిచ్చినవాడు నష్టంలోనూ పాలుపంచుకోవాలి. షరతులుంటే ఇద్దరికీ ఉండాలి. అర్థశాస్త్రం చదివే విద్యార్థీ, చెప్పే ఉపాధ్యాయుడూ ముందు అడగవలసిన ప్రశ్న ఇది: షావుకారుకు షరతు పెట్టేదెవరు?