తాలు ఏరే చేతికి తెలియదా?

'నీకు తెలియదులే, ఊరుకో' అన్న మాట మన ఆడవాళ్ళకి కొత్త కాదు. పొలం అమ్మేటప్పుడు విన్నాం, ఇల్లు కట్టేటప్పుడు విన్నాం, ఆఖరికి పిల్లని ఏ కాలేజీలో చేర్చాలన్నప్పుడూ విన్నాం. ఇప్పుడా మాట కంప్యూటరు బల్ల దగ్గరికొచ్చి తిష్ఠ వేసింది. అబ్బాయి ఇంటరు గట్టెక్కాడు, గేమింగ్ కంప్యూటరు కావాలన్నాడు. ప్రాసెసరేదో, గ్రాఫిక్స్ కార్డేదో తండ్రీ, కొడుకూ, కొట్లో కుర్రాడూ కలిసి తేల్చేస్తారు. డబ్బు చాలనప్పుడు మాత్రం తల్లి గుర్తుకొస్తుంది. గాజులు బ్యాంకులో కుదువ పెట్టడానికి ఆవిడ సంతకం కావాలి. ఆ గాజులు ఏ సరుకుగా మారుతున్నాయో చూడ్డానికి ఆవిడ కళ్ళు మాత్రం అక్కర్లేదు! ఇదెక్కడి న్యాయమండీ?

నేను గట్టిగానే చెబుతున్నాను. ఈ బేరం ఆడవాళ్ళు దగ్గరుండి చూడవలసిన బేరం. అందులోనూ మన గుంటూరు, ఒంగోలు వైపు ఆడవాళ్ళు తప్పకుండా చూడాలి. ఎందుకంటారా?

కల్లంలో ఎర్రగా ఆరబోసిన రాశి ముందు కూర్చుని, తాలు కాయని చూపుతోనే పట్టి పక్కకి విసిరే చెయ్యి ఎవరిది? తేజ కాయ చూడ్డానికి చిన్నదే అయినా నాలుక మండిపోతుందనీ, బ్యాడిగికి రంగే గాని ఘాటు అంతగా ఉండదనీ, లాం ఫారంలో పుట్టిన 334 ఏ వంటకి ఒప్పుతుందో, ఏసీ కాయకీ కొత్త కాయకీ తేడా ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? 'మిరపకాయలు ఇవ్వండి' అని కళ్ళు మూసుకుని కొన్న గృహిణిని మన జిల్లాల్లో చూపించండి, చూద్దాం. అలాగే పత్తి విత్తనం. సంచి మీద బొమ్మ మిలమిల్లాడుతూనే ఉంటుంది. లోపలిది నకిలీ అయితే చేను ఏమవుతుందో, ఆ అప్పు ఎన్నేళ్ళు తీర్చాలో ఇక్కడి ఆడవాళ్ళకి పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన పని లేదు.

కంప్యూటరు కొట్లో జరిగేదీ అచ్చం అదే. పేరు ఒకటి, సరుకు ఒకటి.

ముందు ఈ రెండు వస్తువులూ చేసే పనేమిటో చూద్దాం. మామూలు కంప్యూటరు తెర అంటే 1920 చుక్కలు, 1080 వరసల ముగ్గు అనుకోండి. మొత్తం 20,73,600 చుక్కలు. ఆట నడుస్తున్నంతసేపూ ప్రతి చుక్కకీ ఏ రంగు వెయ్యాలో లెక్క తేల్చి, సెకనుకి 60 సార్లు ముగ్గంతా చెరిపి మళ్ళీ వెయ్యాలి. ఇది ఒక్కరివల్ల అయ్యే పనా? ప్రాసెసరు మేస్త్రీ లాంటిది. దానికి ఆరో ఎనిమిదో బుర్రలుంటాయి. శత్రువు ఎటు పరుగెత్తాడు, గుండు ఎక్కడ తగిలింది, తరువాత ఏం జరగాలి అన్న చిక్కు లెక్కలు అది తేలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు మిరప చేలో దిగిన కోత కూలీల దండు లాంటిది. ఆర్‌టీఎక్స్ 4060 అనే కార్డులో 3,072 చిన్న చిన్న లెక్కల యంత్రాలున్నాయి. సాలుకొకరు పట్టి ఒకేసారి కోసినట్టు, అవన్నీ ఒకేసారి చుక్కలకి రంగులు వేస్తాయి.

ఇప్పుడు చెప్పండి. ఎకరాల కొద్దీ కాయ పండి నిలబడి ఉంటే, జీతం ఎక్కువిచ్చి గొప్ప మేస్త్రీని పెట్టి, కోతకి నలుగురు కూలీలని తెచ్చుకునే రైతుని ఏమంటాం? మన ఇళ్ళల్లో కొంటున్న కంప్యూటర్లు నూటికి ఎన్నో ఇలాంటివే. 'ఐ7' అన్న బిళ్ళ ఉంటే చాలు, నాన్నగారి గుండె నిండిపోతుంది. కార్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బు అయిపోతుంది. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడారట వెనకటికి ఎవరో. ఆటల కోసమే కొంటున్నప్పుడు ఖర్చు పెట్టే ప్రతి రూపాయిలో 35, 40 పైసలు కార్డుకీ, 15, 20 పైసలు ప్రాసెసరుకీ పోవాలని నా లెక్క. మిగిలింది తెరకీ, మెమరీకీ, తక్కిన సరంజామాకీ.

ఆ 'ఐ7' సంగతీ కాస్త చెప్పుకుందాం. ఇంటెల్ వాళ్ళ మొదటి ఐ7 వచ్చింది 2008లో. 2023లో వచ్చిందీ ఐ7నే. పదిహేనేళ్ళ తేడా ఉన్న రెండు సరుకులకి ఒకటే బిళ్ళ! 2013 నాటి ఐ7 కంటే 2022 నాటి ఐ5 ఎన్నో రెట్లు నయం. ఈ గుట్టు తెలిసిన మహానుభావులు, ఆఫీసులు పారేసిన పాత పెట్టెలకి రంగుదీపాలు తగిలించి 'ఐ7 గేమింగ్ పీసీ' అని అమ్ముతున్నారు. ముసలి ఎద్దుకి కొమ్ములు చెక్కి, రంగు పూసి, సంతలో నిలబెట్టినట్టన్నమాట. ఒంగోలు జాతి ఎద్దుల పళ్ళు చూసి వయసు చెప్పే ఊళ్ళ వాళ్ళం, ప్రాసెసరు వయసు అడగడానికి సిగ్గెందుకు?

పేరు పక్కన ఉండే తోక అక్షరాన్నీ వదలకండి. ఐ5 12400 వెనక 'ఎఫ్' అని ఉందంటే దానిలో బొమ్మ చూపించే భాగం పనిచెయ్యదు. కార్డు లేకుండా అది తెచ్చుకుంటే తెర మీద చీకటే. ఏఎండీ వాళ్ళ రైజెన్ 5600 వెనక 'జీ' ఉంటే బొమ్మ చూపించే భాగం అందులోనే ఉంది. మీవాడు ఆడేది వాలరంట్ లాంటి తేలిక ఆట అయితే దానితోనే సరిపెట్టుకోవచ్చు, కార్డు కొనే పనే లేదు. ఈ మాట కొట్టువాడు తనంతట తాను చెప్పాడా? చెప్పడు. చెబితే వాడికి ఒక కార్డు బేరం తగ్గుతుంది.

ఇక కార్డుల పేర్ల గారడీ. పేరున్న పెద్ద కంపెనీ అయితే మోసం ఉండదంటారా? ఎన్విడియా 2016లో జీటీఎక్స్ 1060 అనే పేరుతో రెండు కార్డులు అమ్మింది. ఒకదానికి మెమరీ 6 జీబీ, ఇంకోదానికి 3 జీబీ. తేడా మెమరీలోనే అనుకుంటాం గదా! లోపలి లెక్కల యంత్రాలు కూడా ఒకదానిలో 1,280, రెండో దానిలో 1,152. 2018లో జీటీ 1030 అనే చౌక కార్డుకి వేరే రకం మెమరీ పెట్టి అదే పేరుతో వదిలారు. ఆ మెమరీ వేగం మొదటిదానిలో మూడో వంతు. 2022 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 4080 అని రెండు రకాలు ప్రకటించారు. చిన్నది పెద్దదానికి ఏ విధంగానూ సాటి కాదని కొనేవాళ్ళు దుమ్మెత్తిపోశారు. అక్టోబరులో కంపెనీ చిన్నదాన్ని వెనక్కి తీసుకుంది. 2023 జనవరిలో అదే సరుకు 4070 టీఐ అన్న పేరుతో బజారుకొచ్చింది. చూశారా! అడిగేవాళ్ళుంటే అంత పెద్ద కంపెనీ కూడా పేరు మార్చుకుంది. అడగనివాళ్ళకే తాలు అంటగడతారు.

లాప్‌టాప్ అయితే మరీ జాగ్రత్త. 4060 అని రాసి ఉన్న లాప్‌టాప్‌లో ఆ కార్డుకి ఎన్ని వాట్ల కరెంటు ఇవ్వాలో తయారుచేసేవాడి ఇష్టం, 35 నుంచి 115 దాకా. తిండి పెట్టని ఎద్దు దుక్కి దున్నుతుందా?

వాడిన కార్డుల సంగతి కూడా వినండి. 2021లో ఇథీరియం అనే కంప్యూటరు నాణెం కోసం కార్డుల్ని గదుల నిండా పేర్చి రాత్రింబగళ్ళు నడిపారు. ధరలు ఆకాశానికెక్కాయి. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి మారి కార్డులతో పని లేకపోయింది. గొడ్డుచాకిరీ చేసిన కార్డులన్నీ తుడుచుకుని బజారుకొచ్చాయి. వాడింది కొనడం తప్పని నేననను. ఎవరు వాడారు, బిల్లుందా, వారంటీ ఎన్నాళ్ళు మిగిలిందని అడక్కుండా కొనడం మాత్రం తప్పే.

ఇవన్నీ అడిగితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ మధ్య మా ఊళ్ళో ఒక కొట్లో 'ఈ కార్డుకి మెమరీ ఎంత బాబూ, ఎన్ని వాట్లు తింటుంది?' అని అడిగాను. ఆ అబ్బాయి నాకేసి చూడకుండా మావారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. మావారికి అందులో ఒక్క ముక్క తెలియదు, పాపం! 'ప్రశ్న నాది నాయనా, జవాబు కూడా ఇటే చెప్పు' అన్నాను. అప్పటికి గాని సరైన ధర బయటికి రాలేదు.

మన వైపు నుంచీ ఒక దొంగాట ఉంది, అదీ చెప్పాలి. 'చదువు కోసమండీ' అని కొట్లో చెబుతాం. ఆటల కోసమని చెప్పడానికి నామోషీ. చదువు కోసమంటే వాడు చదువుకి సరిపోయేదే ఇస్తాడు, కార్డు లేకుండా. నాలుగు రోజులకి అబ్బాయి ముఖం ముడుచుకుంటాడు. అప్పుడు కార్డు కొనాలి. కార్డుకి కరెంటు చాలదని పవర్ సప్లై మార్చాలి. అది పట్టదని పెట్టె మార్చాలి. ఒక అబద్ధానికి మూడు ఖర్చులు! ఏ ఆట ఆడతాడు, ఏ తెర మీద ఆడతాడు అన్న రెండు ముక్కలూ ముందే తేల్చుకుని నిజం చెబితే సగం డబ్బు మిగులుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన ఆటకి కావలసింది వేరు, తేలిక ఆటకి కావలసింది వేరు. తెర 4కే అయితే చుక్కలు నాలుగింతలు. అప్పుడు కార్డూ ఆ స్థాయిదే కావాలి.

పవర్ సప్లై అన్నాను గనక ఒక మాట. కొట్టువాడు డబ్బు మిగుల్చుకునేది అక్కడే. కంటికి కనపడని వస్తువు, ఎవరూ అడగరు. మన వైపు ఎండాకాలంలో వోల్టేజీ ఎలా ఎగిరి పడుతుందో చెప్పేదేముంది! నాసిరకం పవర్ సప్లై పోతే పోతూ పోతూ కార్డునీ వెంట తీసుకుపోవచ్చు. పేరున్నది, '80 ప్లస్' గుర్తున్నది అడగండి. కరెంటు వృథా తక్కువని చెప్పే గుర్తు అది. నెల బిల్లూ లెక్క వేసుకోండి. 300 వాట్లు లాగే కంప్యూటరు రోజుకి 4 గంటలు నడిస్తే నెలకి 36 యూనిట్లు. స్లాబు మారిందంటే ఆ పైన పడ్డ యూనిట్లకి రేటూ పెరుగుతుంది. ఇక పత్తి మిల్లుల పక్కనో, మిరప గోదాముల పక్కనో ఉన్న ఇళ్ళల్లో దూది నుసీ, కారపు దుమ్మూ ఫ్యానుల్లో పేరుకుంటాయి. నెలకోసారి దులపడం ఎవరి పనో ముందే అబ్బాయితో ఒప్పందం చేసుకోండి. ఆట వాడిదీ, దులుపుడు మనదీ అయితే కుదరదు.

'అసలు ఆటలకి ఇంత డబ్బా? వద్దని ఒక్క మాట అంటే పోదా?' అనే అక్కయ్యలున్నారు. అనండి, నేను కాదనను. ఆ హక్కు మీది. కాని వద్దనడానికైనా సంగతి తెలిసుండాలి. తెలియకుండా వద్దంటే అది అమ్మ చాదస్తం. తెలిసి, 'ఈ కార్డు అక్కర్లేదు, నీ ఆటకి ఆ ప్రాసెసరే చాలు' అంటే అది తీర్పు. చాదస్తాన్ని ఎవరైనా దాటేస్తారు, తీర్పుని దాటడం కష్టం.

ఇంట్లో ఆడపిల్ల ఉంటే ఆమెనీ కొట్టుకి తీసుకెళ్ళండి. కంప్యూటరు అన్నయ్యదీ, అంట్లు చెల్లెలివీ అనే పంపకం వద్దు. రేపు 'నీకు తెలియదులే' వినే వంతు దానికి రాకూడదు. కొట్లో అడగవలసినవి నాలుగే. దీని పూర్తి పేరేమిటి, తోక అక్షరంతో సహా? ఏ సంవత్సరం సరుకు? మెమరీ ఎంత, ఎన్ని వాట్లు? జీఎస్టీ బిల్లు, వారంటీ ఎవరి పేరున ఇస్తారు? జవాబు మీ కళ్ళలోకి చూసి చెప్పమనండి. నసిగితే లేచి పక్క కొట్టుకి నడవండి. తాలు ఎక్కడుందో మీ చేతికి తెలిసిపోయినట్టే.