'ఆమెకు అలవాటే' అనే అబద్ధం

"ఆమెకేం, అయిదుగుర్ని కన్నది. ఇదీ ఇట్టే అయిపోతుంది." ఈ మాట అత్తగారు అంటుంది, భర్త అంటాడు, లేబర్ రూంలో ఆయా కూడా అంటుంది. ప్రసవమంటే చేతిపని అయినట్టు, చేయగా చేయగా సులువైపోతుందన్నట్టు! అసలు ప్రమాదం ఆ ధీమాలోనే ఉంది.

ఐదు, అంతకుమించి కాన్పులైన స్త్రీని వైద్యశాస్త్రం ప్రత్యేకంగా గుర్తిస్తుంది. కేసు షీటు మీద 'జి6 పి5' అని రాస్తారు. ఆరో గర్భం, అయిదు కాన్పులు అని. మాయ పడ్డాక గర్భసంచి గట్టిగా బిగుసుకుంటేనే తెరుచుకున్న రక్తనాళాలు మూసుకుంటాయి. మళ్ళీ మళ్ళీ సాగిన కండరం ఒక్కోసారి బిగుసుకోదు. అప్పుడు కొద్ది నిమిషాల్లోనే ప్రాణం మీదికొస్తుంది. పొట్ట కండరాలు వదులై బిడ్డ అడ్డం తిరగొచ్చు, మాయ కిందికి అతుక్కోవచ్చు. నొప్పులు త్వరగా రావాలని ఇష్టమొచ్చినట్టు ఇంజెక్షన్లిస్తే గర్భసంచి చిట్లిపోనూవచ్చు. వీటన్నిటికీ ముందే ఒంట్లో నెత్తురుండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడాది కూడా ఎడం లేనివాళ్ళ సంగతి చెప్పాలా?

కావలసిన వైద్యం మరీ అపురూపమైనదేం కాదు. మొదటి నెలల్లోనే రక్తపరీక్ష, మాత్రలు పనిచేయకపోతే నరం ద్వారా ఐరన్, మాయ ఎక్కడుందో చూసే స్కానింగ్, రక్తమూ ఆపరేషన్ సదుపాయమూ ఉన్న చోట కాన్పు, బిడ్డ పుట్టిన వెంటనే ఆక్సిటోసిన్, ఆ తర్వాత కనీసం ఒక రోజు కనిపెట్టి ఉండే మనిషి.

ఇంత మాత్రం చేయవలసిన ప్రభుత్వం ఏం చేసింది? 2005లో జననీ సురక్షా యోజన వచ్చినప్పుడు మన రాష్ట్రంలాంటి చోట్ల మొదటి రెండు కాన్పులకే డబ్బన్నారు. ఆ షరతు తీసేయడానికి 2013 దాకా పట్టింది. 2017లో వచ్చిన మాతృవందన యోజన మళ్ళీ మొదటి బిడ్డకే పరిమితమైంది. 2022 నుంచి రెండో బిడ్డకీ ఇస్తున్నారు, అదీ ఆడపిల్లయితేనే. అంటే ప్రమాదం పెరిగేకొద్దీ సాయం తగ్గిపోతుంది. ఇది శిక్ష కాక మరేమిటి? కొడుకు కోసం కనమన్నది ఎవరో, ఆపరేషన్‌కి ఒప్పుకోనిది ఎవరో అడగరు. అదే సర్వేలో ఆంధ్రలో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవారు. వేసెక్టమీ అర శాతం కూడా లేదు.

ఇప్పుడు గాలి తిరిగింది. ముగ్గురు పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో రద్దు చేసింది. మంచిదే. కానీ వెంటనే జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండి అని వేదికలెక్కి పిలుపులు! నిన్న వద్దన్నదీ వాళ్ళే, ఇవాళ కనమంటున్నదీ వాళ్ళే. ఈ పిలుపునిచ్చేవాళ్ళు ఏజెన్సీలో ఎన్ని ఆసుపత్రుల్లో రాత్రిపూట రక్తం దొరుకుతుందో కూడా చెప్పాలి కదా.

మనమూ తక్కువేం కాదు. పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్ ప్రయోగాన్ని ప్రశ్నించి 1986లో స్త్రీశక్తి సంఘటన సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తర్వాత మన వ్యాసాల్లో మాతృత్వం భావజాలంగా, మిథ్‌గా, రాజకీయంగా ఎంతో చర్చకొచ్చింది. ఆరోసారి టేబుల్ ఎక్కిన మనిషి మాత్రం రాలేదు. ఆమెది వెనుకబాటుతనమని లోలోపల మనకూ ఒక తీర్పుంది. ఆ తీర్పునే నర్సు పైకి అంటుంది: "కన్నప్పుడు తెలీలేదా?" సిగ్గుపడి ఆ స్త్రీ ఏడో నెల దాకా ఆసుపత్రి గడప తొక్కదు. తొక్కేసరికి హిమోగ్లోబిన్ ఏడుకి దిగి ఉంటుంది, కాన్పుకి పట్టుమని పది వారాలుంటాయి.