రిలీవింగ్ లెటర్ కోసం జీతం వదులుకోవాలా?

ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో మనకి నాలుగేళ్లూ చెప్తూనే ఉంటారు. ఆప్టిట్యూడ్, మాక్ ఇంటర్వ్యూలు, రెజ్యూమె, ఆఖరికి టై కట్టుకోవడం కూడా. ఉద్యోగం ఎలా మానాలో మాత్రం ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. అదీ నేర్చుకోవాల్సిన విషయమేనని మా అక్క వల్ల తెలిసింది.

అక్క హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో రెండేళ్లు చేసింది. ఈ ఏడాది ఫిబ్రవరిలో నోటీస్ పీరియడ్ మొత్తం పూర్తి చేసే మానేసింది. ఆఖరి నెల జీతం రాలేదు. వాడుకోని 11 సెలవుల డబ్బూ రాలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "ప్రాసెస్‌లో ఉందండీ" అనే మాటే. రెండు నెలలయ్యాక అక్కే చల్లబడింది. "పోనీలేరా, గట్టిగా అడిగితే రిలీవింగ్ లెటర్ ఆపేస్తారు" అంది.

అమ్మకి ఇది అర్థం కాలేదు. "చేసిన పనికి డబ్బులడగడానికి భయమెందుకే?" అంది. అమ్మ నాట్లకి వెళ్తుంది. సాయంత్రానికి కూలి చేతిలో పడకపోతే ఆడవాళ్లంతా కలిసి రైతు ఇంటి అరుగు మీద కూర్చుంటారు. ఊళ్లో ఎవరూ దాన్ని గొడవ అనరు. బీటెక్ చదివిన మనం మాత్రం ఒక మెయిల్ పెట్టడానికి జంకుతాం.

చట్టం ఏమంటుందో చూశాను. 1936 నాటి వేతనాల చట్టంలో రెండు పనిదినాల గడువు ఉంది కానీ, అది యజమానే తీసేసినప్పటి మాట. పైగా నెలకి 24,000 దాటిన జీతాలకి ఆ చట్టం వర్తించేది కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ఈ రెండూ మార్చింది. మనమే రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో జీతం ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లలోపు క్లెయిమ్ వేయొచ్చు. ఇచ్చేశామని నిరూపించుకోవాల్సిన బాధ్యత కంపెనీదే. ఒక్క జాగ్రత్త: అప్రెంటిస్‌ల చట్టం కింద చేరినవాళ్లు ఈ కోడ్‌లోకి రారు. చేరేటప్పుడే ఏ పేరుతో తీసుకుంటున్నారో చూసుకోండి.

సెలవుల డబ్బు సంగతి ఇంత సూటిగా ఉండదు. ఆఫర్ లెటర్, కంపెనీ లీవ్ పాలసీ, రాష్ట్ర చట్టం అన్నీ చూడాలి. అక్క దగ్గర ఆ కాగితాలే లేవు. ల్యాప్‌టాప్ తిరిగిచ్చిన సాయంత్రమే లాగిన్ పోయింది. పేస్లిప్పులు, లీవ్ బ్యాలెన్స్ అన్నీ అందులోనే. చివరికి దొరికింది ఒకే ఒక్క స్క్రీన్‌షాట్. "ఇన్ని సెలవులున్నాయి, సంక్రాంతికి వస్తా" అని డిసెంబర్‌లో అమ్మకి వాట్సాప్‌లో పంపింది. తీరా పండక్కి రాలేకపోయింది, సెలవులు అలాగే ఉండిపోయాయి.

దాన్ని జతచేసి మెయిల్ పెట్టాం. ఆఖరి పనిదినం, రావాల్సిన మొత్తం, కోడ్‌లో ఉన్న గడువు, అంతే. తిట్లు లేవు, బతిమాలడం లేదు. తొమ్మిదో రోజున జీతం పడింది, లెటరూ వచ్చింది. సెలవుల డబ్బు మీద ఇంకా నడుస్తోంది.

"వెరిఫికేషన్‌లో చెడుగా చెప్తే?" అని మీరు అడగొచ్చు. ఆ భయం ఉత్తదేం కాదు. కానీ ఉద్యోగంలో చేరామనడానికి, పని చేశామనడానికి, రాజీనామా ఒప్పుకున్నారనడానికి మన దగ్గరే కాగితాలుంటే, వాళ్ల ఒక్క మాట మీద మన బతుకు ఆధారపడదు. ఆ కాగితాలు నోటీస్ పీరియడ్‌లోనే తీసిపెట్టుకోవాలి, లాగిన్ పోయాక కాదు. కంపెనీకి నిజంగానే డబ్బు ఇబ్బంది ఉంటే ఫలానా తేదీకి ఇస్తామని రాసివ్వమనండి. అది అడగడం అమర్యాద కాదు.

మన ప్లేస్‌మెంట్ సెల్‌కి ఒక విన్నపం. ఫైనల్ ఇయర్‌లో ఒక్క గంట దీనికి ఇవ్వండి. టై కట్టుకోవడం యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటాం.