దూరం కాదు, గీత

సంపాదకులకు,
హంగరీ ఈశాన్య కొసన ఉన్న సబోల్చ్-సత్మార్-బెరెగ్ కౌంటీ, దేశ రాజధాని బుడాపెస్ట్‌కు దూరం కాబట్టే వెనకబడిందని మీ వ్యాసం తేల్చేసింది. 1920కి ముందూ అదే దూరం కదా! హంగరీ సరిహద్దులను కుదించిన ఆ ఏటి ట్రియనాన్ ఒప్పందంతో సత్మార్ ప్రాంతపు పెద్ద పట్టణం సత్మార్‌నేమెతి రొమేనియాకూ, బెరెగ్ ప్రాంతపు బెరెగ్‌సాస్ చెకోస్లొవేకియాకూ పోయాయి. (రెండోది ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది.) పల్లెలేమో ఇటు మిగిలాయి, వాటి సంత పట్టణాలు అటు పోయాయి. సత్మార్‌నేమెతిని ఒరుసుకుని పారే సోమోష్ నది నేరుగా ఇటువైపు పట్టణమైన చెంగెర్‌కు వస్తుంది. నీళ్లకు లేని అడ్డు రైతుబండికి వచ్చిపడింది. మిగిలిన ముక్కలను సబోల్చ్‌తో కలిపి 1950లో ఒకే కౌంటీ చేశారు.

సోవియట్ సరిహద్దు వల్లే బతికిన రైల్వే పట్టణం జాహోనీ మాటేమిటని అడగొచ్చు. నిజమే, సోవియట్ పట్టాల మధ్య ఎడం 1520 మి.మీ., హంగరీలో 1435. సరుకు అక్కడ దించి మళ్లీ ఎక్కించాల్సిందే. వేలమందికి ఆ పనే కూడు పెట్టింది. సోవియట్ వ్యాపారం కూలాక అదీ సన్నగిల్లింది. సరిహద్దు మీద బతుకు అంటే అవతలి దేశం దయ మీద బతుకే! ఇక హంగరీ అంతటా జనం తగ్గుతున్నారుగా అన్న వాదన సగమే నిజం. ఇక్కడి జననాల రేటు చాలాకాలం దేశ సగటును మించే ఉంది. అయినా 1980లో దాదాపు 5.9 లక్షలున్న జనాభా 2022 నాటికి 5.3 లక్షల దగ్గరికి దిగింది. పుట్టినవాళ్లలో చాలామంది పనికోసం ఊరు విడుస్తున్నారన్నమాట. 2025 జనవరి 1 నుంచి రొమేనియా భూ సరిహద్దు, తనిఖీలు లేకుండా రాకపోకలు సాగే షెంగెన్ ప్రాంతంలో చేరింది. చెంగెర్ మళ్లీ సత్మార్‌నేమెతి వైపు మళ్లుతుందో లేదో చూశాక దూరం మీద నేరం మోపితే బాగుండేది.