గృహిణులకు కంప్యూటరు విద్య: పోపులపెట్టె చెప్పు పాఠము



వంటయింట డబ్బాలపై చీటీలంటించుట మనమెల్లర మెఱిగినదే. వెబ్ పుటలకు ప్రోగ్రాములు వ్రాయువారును ఇట్లే చేయుదురు. విలువ నుంచెడి డబ్బాను వారు వేరియబుల్, అనగా చరరాశి, యందురు. చీటియే దాని పేరు.

అనకాపల్లి జిల్లా ఎలమంచిలిలో నొక గృహిణి తన పొదుపు సంఘపు లెక్కలను వెబ్ పుటలో నుంచదలచినదనుకొందము. సభ్యురాండ్రు పదిమంది, తలకు నెలకు నూఱు రూపాయలు. ఆమె యొక్కొక్కరి పేర నొక్కొక్క చరరాశి నేర్పఱచి, సంఘపు మొత్తము సొమ్మునకు 'నిధి' యని పేరిడినది. కాని క్రొత్తవారు చేరినప్పుడెల్ల ప్రోగ్రామును దిద్దవలసి వచ్చుచున్నది.

ఈ శ్రమ తప్పించుటకు పీహెచ్‌పీ భాషలో నొక యుపాయము కలదు. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన యీ భాషలో చరరాశి పేరునకు ముందు డాలరు గుర్తుండును. ఒకటికి మాఱుగా రెండు డాలరు గుర్తులుంచినచో, ఆ డబ్బాలోని మాటయే మఱియొక డబ్బాకు పేరగును. సభ్యురాలి పేరు 'సీత' యని యందినతోడనే 'సీత' యను చరరాశి తనంత తానే యేర్పడును.

చూచుటకు సులువే. కాని 'నిధి' యను పేరుగల యమ్మాయి యొకతె సంఘమున చేరినదనుకొనుడు. ఆమె కట్టిన చందా 'నిధి' డబ్బాలోనికే పోయి, అందున్న మొత్తమును తుడిచివేయును! వేల రూపాయలు కనబడవలసిన చోట నూఱు మాత్రమే మిగులును. యంత్రము తప్పు చేయలేదు, చెప్పినట్లే చేసినది.

మఱి మార్గమేమి? మన పోపులపెట్టెను చూడుడు. పెట్టె యొక్కటే, లోపల ఆవాలకు, జీలకఱ్ఱకు, మెంతులకు వేర్వేఱు గిన్నెలు. ప్రోగ్రాములో నిట్టిదానిని అర్రే యందురు. 'పొదుపు' అను నొక్క అర్రేలో ఒక్కొక్కరికి నొక్కొక్క గడి నిచ్చినచో, ఎందఱు చేరినను బయటి డబ్బాలకు హాని లేదు. కూడికయు నొక్క వరుసలో ముగియును. జావాస్క్రిప్టులో నైనచో, 2015లో చేరిన 'మ్యాప్' ఈ పనికి తగియున్నది.

గడికి గుర్తుగా పేరు నుంచుటకంటె సభ్యత్వసంఖ్య నుంచుట మేలు. ఒక సంఘములో ఇద్దరు లక్ష్ములుండుట వింత కాదుగదా! పేరే గుర్తైనచో రెండవ లక్ష్మి లెక్క మొదటి లక్ష్మి లెక్కను చెఱిపివేయును.

ఇంకొక హెచ్చరిక. పూర్వము పీహెచ్‌పీలో 'రిజిస్టర్ గ్లోబల్స్' అను సదుపాయముండెడిది. పుటను చూడవచ్చినవారు పంపిన పేర్లు ప్రోగ్రాములో చరరాశులగుచుండెను. 'అనుమతి లేదు' అని మొదటనే వ్రాసికొనని ప్రోగ్రాములో, పరాయివారు 'అనుమతి' యను పేరును తామే పంపి లోనికి చొరబడుటకు వీలుండెను. అందుచే 2002లో దానిని, కోరినవారు తెఱచుకొన్న తప్ప, మూసియుంచిరి; 2012లో బొత్తిగా తొలగించిరి.

కావున, అమ్మలారా, మన డబ్బాల చీటీలు మనమే వ్రాసికొందము. వీధిని పోవువారిచే వ్రాయింపకుందము. లెక్క చిన్నదే కావచ్చును గాని, అందున్నది పదిమంది కష్టార్జితము.