ఆశ్రమ పాఠశాలలలో ప్రార్థన

కారేపల్లి నుండి భద్రాచలము వైపు అడవిలోనికి పోవుకొలది కోయగూడెములును, లంబాడీ తండాలును ఎదురగును. ఆ బిడ్డలకై ప్రభుత్వము తన సొమ్ముతో ఆశ్రమ పాఠశాలలు నడుపుచున్నది. అట్టి బడిలో ఉపాధ్యాయుడు ఉదయమున పిల్లలను వరుసగా నిలిపి, ఒక దేవుని పేర శ్లోకము చెప్పించినచో తప్పేమి యని కొందరు పెద్దలు ప్రశ్నించుచున్నారు. తప్పేయని మేమందుము.

ప్రార్థన మతము కాదు, సంస్కారము. ఇంతవరకు ఏ తల్లిదండ్రులును కాదనలేదు గదా యని వారి వాదము. కాదనుట కెవరికి సాధ్యము? బిడ్డకు అన్నము పెట్టునదియు, పడుకొన చోటిచ్చునదియు, పైతరగతికి పంపునదియు ఆ బడియే. పోడు చేసికొని బ్రదుకు తండ్రి ప్రధానోపాధ్యాయుని యెదుట నిలిచి ఈ శ్లోకము మాకు వలదని చెప్పగలడా? నోరు మెదపకుండుట సమ్మతి కాదు. పూర్తిగా ప్రభుత్వధనముతో నడుచు విద్యాసంస్థలలో మతబోధ కూడదని మన రాజ్యాంగము 28వ అధికరణమున శాసించినది. గుర్తింపు గాని ధనసహాయము గాని పొందు సంస్థలలో సైతము, బాలుని సంరక్షకుని సమ్మతి లేనిదే వానిని ఆరాధనకు రప్పింపరాదన్నది. ప్రార్థన మతబోధ క్రిందికి వచ్చునా రాదా యని న్యాయవాదులు తర్కింతురు గాక. ఆ వరుసలో నిలిచిన పిల్లవానికి ఆ భేదము తెలియదు.

కోయబిడ్డకు దేవుడు లేక కాదు. వాని గట్టునకు వేల్పు కలదు, వేల్పునకు పడిగె కలదు, విత్తుటకు ముందు భూమి పండుగ కలదు. లంబాడీ బిడ్డకు సేవాలాల్ కలడు, తీజ్ కలదు. బడిశ్లోకములో వీరిలో ఒక్కరి పేరును వినబడదు. (సర్వమత ప్రార్థన యని గొప్పగా చెప్పుకొను చోట్లను మూడు నాలుగు మతములతో లెక్క ముగియును, వేల్పు ఆ లెక్కలోనికి రాడు.) పదేండ్లు అట్లు నిలిచిన బిడ్డ, ఎవరును నోట చెప్పకయే, తన యింటి వేల్పు దేవుడు కాడని నేర్చుకొనును. ఇది బోధ కాక మరేమి?

కొందరు 1938 నాటి వందేమాతర ఉద్యమమును తమకు సాక్ష్యముగా తెత్తురు. నాడు కారేపల్లి నైజాము ఏలుబడిలోనిది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ ప్రార్థనలో ఆ గీతము పాడగా అధికారులు నిషేధించిరి, మానమన్నవారిని వెళ్ళగొట్టిరి. నాగపురము విశ్వవిద్యాలయము వారిలో పెక్కుమందిని చేర్చుకొన్నది. ఆ యువకులు పోరాడినది ఏమి పాడవలెనో సర్కారు నిర్ణయింపరాదనియే గాని, తాము పాడునది ఎల్లరిచేత పాడించుటకు కాదు. నాడు నోరు మూయించిన చేయియు, నేడు నోరు తెరిపించు చేయియు ఒక్కటే.

1985లో కేరళమున జాతీయగీతము పాడక, మర్యాదగా నిలుచున్న యెహోవాసాక్షుల పిల్లలు ముగ్గురిని బడినుండి తీసివేసిరి. వారిని తిరిగి చేర్చుకొనుడని 1986లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఆ తీర్పు వ్రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డిగారు. జాతీయగీతము విషయముననే ఇంత వెసులుబాటుండగా, ఒక మతపు శ్లోకమునకు నిర్బంధమెక్కడిది?

దేవుని పేరు లేనిచో పిల్లలకు నీతియు క్రమశిక్షణయు అబ్బవని మిగిలిన ఆక్షేపణ. నల్లగొండ జిల్లావారైన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచు తెలుగున వ్రాసిన ప్రతిజ్ఞను దేశమంతట బడిపిల్లలు చదువుచున్నారు. అందు ఏ దేవుని పేరును లేదు. దానివలన పిల్లలు చెడిరని ఆ పెద్దలైనను ఇంతవరకు అనలేదు.