చప్పట్లు ముందు, డబ్బులు తర్వాత
2017 ఫిబ్రవరి. నేను బీటెక్‌లో ఉన్నా. పీసీ కోసం దాచిన డబ్బు రెడీ. ఏఎండీ రైజెన్ వస్తోందని ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే హడావిడి. ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ఐ7ల్లో ఏళ్ల తరబడి నాలుగు కోర్లే. ఎనిమిది కావాలంటే వెయ్యి డాలర్లు దాటాల్సిందే. రైజెన్ 7 1800ఎక్స్‌లో ఎనిమిది కోర్లు, ధర 499 డాలర్లే!

ప్రీ-ఆర్డర్లు ముందే మొదలయ్యాయి. మనసు లాగింది గానీ ఆగా. మార్చి 2న రివ్యూలొచ్చాయి. రెండరింగ్‌లో రైజెన్ దుమ్ము లేపింది. చాలా గేముల్లో మాత్రం నాలుగు కోర్ల ఇంటెల్ 7700కేదే పైచేయి. నాకు కావాల్సింది గేములే మరి!

అక్టోబరులో ఇంటెల్ ఆరు కోర్ల 8700కే దించింది, 359 డాలర్లకు. వాళ్లిద్దరూ పోటీపడితే లాభం మనకే. లాంచ్ రోజు చప్పట్లు కొట్టండి, డబ్బు మాత్రం రివ్యూ చదివాకే కట్టండి.